బరువైన బండిని ట్రాక్‌పై నడిపేటప్పుడు టైర్లలో గాలి తగ్గించాలా, కంపెనీ చెప్పినంతే ఉంచాలా?

అలిపిరి రోడ్డు, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే నెలలో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో జరిగే ట్రాక్ డేకు (పోటీ లేకుండా ఎవరి బండిని వారు రేస్ ట్రాక్‌పై సెషన్లుగా, అంటే విడతలుగా, నడుపుకొనే రోజుకు) మొదటిసారిగా వెళ్తున్నాను. నా బండి సుజుకి హయబుసా. నిండు పెట్రోలుతో దాదాపు 265 కిలోలు తూగుతుంది, నేను రక్షణ దుస్తులతో కలిపి 85 కిలోలు ఉంటాను. టైర్లు బండితో పాటు వచ్చిన రోడ్డు టైర్లే: ముందు 120/70, వెనుక 190/50, రెండూ 17 అంగుళాలవి. టైరు చల్లగా ఉన్నప్పుడు రెండింటిలోనూ 42 పీఎస్ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) గాలి ఉండాలని కంపెనీ చెబుతోంది.

సందేహం ఏమిటంటే, ట్రాక్‌కు తరచుగా వెళ్లే ఒక స్నేహితుడు రెండింటిలోనూ 30కి దించకపోతే మొదటి మలుపులోనే జారతావని హెచ్చరించాడు. బండి సర్వీసు చేసే మేస్త్రీ మాత్రం ఇంత బరువున్న బండికి గాలి తగ్గించడం ప్రమాదమని, 42 దగ్గరే ఉంచమని గట్టిగా చెబుతున్నాడు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే. నేను పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా బండి నడుపుకుంటూనే ట్రాక్‌కు వెళ్లి, అదే రోజు సాయంత్రం తిరిగి రావాలి. నైట్రోజన్ నింపిస్తే ఈ చిక్కే ఉండదని మరికొందరు అంటున్నారు. పెద్దలు కారణాలతో సహా వివరిస్తే మేలు చేసినవారవుతారు.

గిరింపేట, చిత్తూరు

తమ్ముడూ, నీ స్నేహితుడు చెప్పిందే సరైనది. 42 అనే అంకె ఎవరి కోసం పెట్టారో ముందుగా ఆలోచించు. హయబుసా గంటకు 300 కిలోమీటర్ల దరిదాపుల్లో పోగల బండి. వెనుక మనిషిని, సామాను ఎక్కించుకొని ఆ వేగంతో ఎంతసేపు పోయినా టైరు చెడకూడదన్న జాగ్రత్తతో కంపెనీ ఆ అంకెను నిర్ణయించింది. ట్రాక్ మీద వెనుక మనిషి ఉండడు, సామాను ఉండదు, గరిష్ఠ వేగం నిమిషాల తరబడి సాగదు. అక్కడ నీకు కావలసింది మలుపులో పట్టు. గాలి ఎక్కువైతే టైరు గట్టిపడి నేలను తాకే మేర చిన్నదవుతుంది, చిన్న ఎగుడుదిగుడుకు కూడా చక్రం ఎగిరిపడుతుంది, బండిని వాల్చినప్పుడు ముందు చక్రం ఏం చేస్తోందో హ్యాండిల్ ద్వారా చేతికి తెలియదు. పైగా నడిచేకొద్దీ గాలి వేడెక్కి పీడనం ఇంకా పెరుగుతుంది. 42తో మొదలుపెట్టినవాడు నాలుగు ల్యాపులు (ట్రాక్ చుట్లు) తిరిగేసరికి 50 దగ్గర నడుపుతుంటాడు. అది రోడ్డు మీద కూడా ఎవరూ కోరుకోని అంకె.

నేను నడిపేది 200 కిలోల నాలుగు సిలిండర్ల బండి. ముందు 31, వెనుక 30 పెట్టి చాలా కాలంగా ట్రాక్‌పై నడుపుతున్నాను. ట్రాక్ పక్కన బండ్లు ఆపే పిట్‌లో ఎవరిని అడిగినా ఆ చుట్టుపక్కల అంకెలే చెబుతారు.

కరకంబాడి రోడ్డు, తిరుపతి

నేను ఇంజినీరింగ్ విద్యార్థులకు మెకానికల్ పాఠాలు చెబుతాను, కాబట్టి బరువు లెక్కతో మొదలుపెడతాను. టైరు పక్కన పరిమాణం తరువాత ఒక సంఖ్య ఉంటుంది. ప్రశ్న అడిగిన మిత్రుడి ముందు టైరుపై అది 58, వెనుక టైరుపై 73. 58 అంటే ఆ టైరు మోయగలిగిన బరువు 236 కిలోలు, 73 అంటే 365 కిలోలు. ఈ బరువులు టైరులో నిర్దేశించిన గాలి పూర్తిగా ఉన్నప్పుడే వర్తిస్తాయి. గాలి తగ్గితే మోసే శక్తి కూడా తగ్గుతుంది.

ఇప్పుడు ఆయన బండి, ఆయన కలిపి 350 కిలోలు. నేరుదారి చివర బ్రేకును గట్టిగా పట్టినప్పుడు బరువంతా ముందుకు ఒరిగి, వెనుక చక్రం నేలను తాకీ తాకనట్లు ఉంటుంది. ఆ క్షణంలో ఆ 350 కిలోలూ ముందు టైరు మీదే ఉంటాయి. అదే పని 140 కిలోల చిన్న బండిమీద చేస్తే ముందు టైరు మీద పడేది 225 కిలోలకు మించదు. మలుపు సంగతి చూద్దాం. బండిని 45 డిగ్రీలు వాల్చి తిప్పుతున్నప్పుడు టైర్ల మీద పడే బలం నిలువుగా నిలబడినప్పటి బరువుకు 1.41 రెట్లు అవుతుంది. అంటే 350 కిలోల జోడీ దాదాపు 495 కిలోలుగా మారి రెండు టైర్ల మీద పడుతుంది. ఇంత భారాన్ని మోయవలసిన టైరులో ఉన్న గాలిలో నాలుగో వంతుకు పైగా తీసేయమనడం నాకు సమంజసంగా తోచడం లేదు. మేస్త్రీ మాట వినడమే క్షేమం.

గిరింపేట, చిత్తూరు

గురువుగారూ, మీ లెక్కను కాదనను, దాని నుంచి మీరు తీసిన తీర్మానాన్నే కాదంటున్నాను. టైరు మీద రాసిన బరువు గంటల తరబడి వేగంగా నడిచినా చెడకుండా మోయగలిగినది. బ్రేకు పట్టే నాలుగైదు సెకన్లకు ఆ హద్దును అక్షరాలా వర్తింపజేస్తే రోడ్డు మీద ఏ బండీ గట్టిగా బ్రేకు పట్టకూడదు. ప్రపంచ స్థాయి మోటారుసైకిల్ పోటీ మోటోజీపీలో చూడండి. అక్కడ ముందు టైరుకు పెట్టిన కనీస పీడనం 1.8 బార్, అంటే మన లెక్కలో 26 పీఎస్ఐ. భూమి మీద అంత గట్టిగా బ్రేకు పట్టే మోటారుసైకిళ్లు వేరే లేవు. 26తో వారికి ఆ టైరు సరిపోతున్నప్పుడు 30తో మనకు ఎందుకు సరిపోదు?

సత్యవేడు

ఈ చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. మా వైపు టైర్ల కర్మాగారంలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తాను, ట్రాక్ మీద నడిపే అలవాటూ ఉంది. ఇద్దరి వాదనల్లోనూ నిజముంది, కాని ఇద్దరూ చల్లగా ఉన్నప్పటి అంకె చుట్టూనే తిరుగుతున్నారు. ట్రాక్ మీద టైరు పనిచేసేది వేడెక్కిన తరువాత. కాబట్టి వేడెక్కినప్పుడు ఎంత ఉండాలో ముందు తేల్చుకొని, దానికి తగినట్లు చల్లటి అంకెను వెనక్కి లెక్కకట్టుకోవాలి. దీన్ని తలకిందులుగా చేయడం వల్లనే పిట్‌లో ఒకరి అంకె మరొకరి నోట తిరిగి, చివరికి ఏ బండికీ సరిపడని 30 అందరి అంకె అయిపోతోంది. మొదటిసారి ట్రాక్‌కు వచ్చే పిల్లలు ఆ అంకెను వేదవాక్కుగా తీసుకోవడం చూస్తే నాకు నిజంగా ఆందోళనగా ఉంటుంది.

మోటోజీపీ ఉదాహరణనే ముందుగా తీసుకుందాం, ఎందుకంటే అది గిరింపేట మిత్రుడి వాదానికి కాక దానికి ఎదురువాదానికే బలమిస్తుంది. ఆ 1.8 బార్ చల్లటి అంకె కాదు, పోటీ నడుస్తుండగా టైరులోని సెన్సార్ చూపవలసిన కనీసపు అంకె. 2023లో ఆ నిబంధనకు శిక్షలు మొదలైనప్పుడు అది 1.88గా ఉండేది, 2024లో 1.8కి దించారు. ప్రధాన పోటీలో 60 శాతం ల్యాపులు ఆ అంకెకు పైన నడవకపోతే 16 సెకన్ల శిక్ష పడుతుంది. 2024లో నెదర్లాండ్స్‌లోని అస్సెన్‌లో రైడరు మార్క్ మార్కెజ్‌కు ఆ శిక్ష పడింది. 2025లో థాయ్‌లాండ్‌లోని బురిరామ్‌లో అదే మార్కెజ్ ముందంజలో ఉండి కూడా, తన ముందు టైరు పీడనం చాలడం లేదని గ్రహించి, తమ్ముడు అలెక్స్‌ను ముందుకు పోనిచ్చి చాలా ల్యాపులు అతని వెనకే నడిచాడు. ముందు బండి వెనక నడిస్తే చల్లగాలి తగలక టైరు వేడెక్కుతుంది, పీడనం పెరుగుతుంది. ఆ పని పూర్తయ్యాక దాటి గెలిచాడు. చల్లటి అంకె ఒకటే అయినా ఒంటరిగా నడిపేవాడికీ, గుంపులో నడిపేవాడికీ వేడి అంకె వేరుగా ఉంటుందని ఇంతకన్నా స్పష్టంగా చూపే సందర్భం నాకు తెలియదు. ఇక ఆ బండి కనీస బరువు 157 కిలోలు. రైడరుతో కలిపినా మన మిత్రుడి జోడీ బరువులో మూడింట రెండు వంతులే. పైగా ఆ స్లిక్ టైరు (చారలు లేని రేసు టైరు) లోపలి కట్టు ఆ పీడనానికే రూపొందింది. రోడ్డు టైరు అలా రూపొందలేదు.

ఇప్పుడు వేడి లెక్క. పరిమాణం మారని గాలి పీడనం దాని ఉష్ణోగ్రతతో సమానంగా పెరుగుతుంది, అయితే రెండింటినీ సంపూర్ణ కొలతలో తీసుకోవాలి. గేజి చూపే అంకెకు వాతావరణ పీడనం 14.7 కలపాలి, సెల్సియస్ డిగ్రీలకు 273 కలపాలి. 30 డిగ్రీల వద్ద 30 పీఎస్ఐ పెట్టిన టైరులోని గాలి 70 డిగ్రీలకు చేరితే గేజి దాదాపు 36 చూపుతుంది. 36తో మొదలైతే 43 దగ్గరికి, 42తో మొదలైతే 49 దాటి వెళ్తుంది. కాబట్టి 42తో ట్రాక్ ఎక్కితే చివరకు 50 దగ్గర నడుపుతామన్న గిరింపేట మిత్రుడి మాట నిజమే. ఆ విషయంలో మేస్త్రీ సలహాను నేను సమర్థించను.

అయితే 30 పెట్టిన టైరు 70 డిగ్రీల దగ్గరే ఆగుతుందని ఎవరు చెప్పారు? టైరుకు వేడి పుట్టేది ఎక్కువగా దాని ఒంట్లోనే. చక్రం తిరిగే ప్రతి చుట్టులోనూ నేలను తాకిన భాగం అణిగి మళ్లీ లేస్తుంది, ఆ అణగడంలో రబ్బరు మింగిన శక్తిలో కొంత వేడిగా మారుతుంది. బరువు ఎక్కువైనా, గాలి తక్కువైనా అణగడం పెరుగుతుంది. చిన్న బండికి బరువు లేదు కనుక గాలి తగ్గించి ఆ వేడిని పుట్టించుకోవాలి. 350 కిలోల జోడీకి ఆ వేడి అడగకుండానే వస్తుంది. అటువంటి బండికి కూడా 30 పెడితే, మన వైపు ఎండలో, తారు చెయ్యి పెట్టలేనంతగా కాలుతున్న మధ్యాహ్నం, లోపలి గాలి 85 డిగ్రీలకు పోయినా ఆశ్చర్యం లేదు. అప్పుడు గేజి 38 చూపుతుంది. చూసినవాడు అంకె బాగానే ఉందనుకుంటాడు, కాని రబ్బరు అప్పటికే తన హద్దు దాటి జిడ్డుగా మారి ఉంటుంది. అంతేకాదు, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తిప్పినప్పుడు మెత్తబడిన వెనుక టైరు పక్కలకు ఊగి, బండి తోక ఆడించినట్లు అనిపిస్తుంది. దాన్ని చాలామంది షాక్ అబ్జార్బర్ లోపంగా పొరబడతారు.

అందుకే అంకె ఎంత ఉందన్నదానితో పాటు ఎంత పెరిగిందన్నదీ చూడాలని నా అభిప్రాయం. చల్లటి అంకె నుంచి వేడి అంకెకు పెరుగుదల 8 దాటుతుంటే గాలి తక్కువై టైరు అతిగా అణుగుతోందని అనుమానించాలి. 4 కూడా పెరగకపోతే గాలి ఎక్కువైనా అయి ఉండాలి, టైరు పనిచేసేంత వేగంతో నడపకపోయినా అయి ఉండాలి. ముందు 10 శాతం, వెనుక 20 శాతం పెరగాలన్న పాత రైడర్ల సూత్రం రోడ్డు కోసం పుట్టింది. అది కూడా గాలి పెట్టిన వేళకు, నడిపిన వేళకు ఎండ తేడా ఎంతో చెప్పదు. తిరుపతిలో ఉదయం 24 డిగ్రీల చల్లదనంలో 36 పెట్టిన టైరు, చక్రం ఒక్క చుట్టు తిరగకుండా నీడలో ఊరికే ఉన్నా, మధ్యాహ్నం 38 డిగ్రీలకు 38 పైన చూపుతుంది. అది చూసి ఎక్కువైందని గాలి వదిలేస్తే, తెలియకుండానే రెండు పాయింట్లు (పాయింటు అంటే ఒక పీఎస్ఐ) పోగొట్టుకున్నట్లు.

మిత్రుడికి నా సలహా. మీ టైరు తయారుచేసిన కంపెనీ ఆ మోడలుకు ట్రాక్ పీడనాల పట్టిక ఇచ్చి ఉంటే అదే మొదటి ప్రమాణం, డీలరును అడిగి తెప్పించుకోండి. అది దొరకకపోతే ముందు 36, వెనుక 36తో మొదలుపెట్టండి. మొదటి సెషన్ అయిన వెంటనే, చల్లారకముందే, పిట్‌లోకి వచ్చిన నిమిషంలోపే కొలవండి. టైరు ఉపరితలం చూడండి, బండి ఎలా ప్రవర్తించిందో గుర్తు తెచ్చుకోండి. అవసరమైతే ఒక్కో సెషన్‌కు ఒకటి, మహా అయితే రెండు పాయింట్లు దించండి. రోడ్డు టైర్లతో, ఈ బరువుతో, చల్లగా 32 కంటే కిందికి మాత్రం పోకండి.

పలమనేరు

సత్యవేడు అన్నగారి వివరణ చాలా ఉపయోగపడింది. నాకు ఒక చిక్కు మిగిలింది. నాది బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్, అది కూడా 250 కిలోల బండే. టైరు పీడనం స్క్రీన్ మీదే కనబడుతుంది. ఎంతసేపు ఎంత గట్టిగా నడిపినా ఆ అంకె కదలడం లేదు. మీ లెక్క ప్రకారం ఆరేడు పాయింట్లు పెరగాలి కదా? సెన్సార్ పాడైందా? మా ఊరు ఎత్తు మీద ఉంది, చల్లగా ఉంటుంది. ఇక్కడ గాలి పెట్టించి కిందికి దిగితే తేడా వస్తుందా?

సత్యవేడు

సెన్సార్ బాగానే ఉంది. ఆ కంపెనీ వ్యవస్థ కొలిచిన పీడనాన్ని టైరు 20 డిగ్రీల వద్ద ఉంటే ఎంత ఉంటుందో ఆ అంకెకు మార్చి చూపుతుంది. గాలి కారుతోందా అని రోడ్డు మీద తెలుసుకోవడానికి అది మంచి పద్ధతి. ట్రాక్ మీద మనకు కావలసిన వేడి అంకెను మాత్రం అది దాచేస్తుంది. అందువల్ల మీరు స్క్రీన్‌ను పక్కనపెట్టి చేతి గేజితోనే కొలవాలి. స్క్రీన్ అంకెను చూసి, పెరగడం లేదు కాబట్టి గాలి ఎక్కువగా ఉందనుకొని వదిలేస్తే ప్రమాదం. అన్ని కంపెనీల వ్యవస్థలూ ఇలా ఉండవు, కాబట్టి మీ బండి పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి.

ఎత్తు ప్రభావం చిన్నది. పలమనేరు సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉంది కనుక, కిందికి దిగితే బయటి గాలి బరువు పెరిగి గేజి దాదాపు ఒక పాయింటు తక్కువ చూపుతుంది. చలి నుంచి ఎండలోకి రావడం వల్ల పెరిగేది దానికి మూడింతలు ఉండవచ్చు. ట్రాక్ దగ్గరకు చేరాక అక్కడే సరిచేసుకుంటే రెండూ లెక్కలోకి వచ్చేస్తాయి.

పుత్తూరు

నాకు టైర్ల దుకాణం ఉంది. నైట్రోజన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పొడి గాలి, పొడి నైట్రోజన్ వేడికి ఒకేలా వ్యాకోచిస్తాయి, ఆ విషయంలో తేడా ఏమీ లేదు. తేడా తెచ్చేది నీరు. కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీటిని రోజూ వదలకపోతే గొట్టం గుండా గాలితో పాటు అది టైరులోకి పోతుంది. వానాకాలంలో ఇది ఎక్కువ. టైరు వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై, గాలి పెరిగేదానికి అదనంగా పీడనాన్ని పెంచుతుంది. దీన్ని నేను చూశాను కాని లెక్క చెప్పలేను, సత్యవేడు సార్ చెప్పాలి. నా దుకాణంలో అయితే ట్రాక్‌కు వెళ్లే బండి వస్తే ముందుగా ట్యాంకు నీరు వదిలి, గాలిని కాసేపు బయటికి ఊది, ఆ తరువాతే టైరుకు పెడతాను.

సత్యవేడు

సరిగ్గా అదే విషయం. లెక్క ఇది: నీటి ఆవిరి పీడనం 30 డిగ్రీల వద్ద అర పాయింటు చిల్లర, 70 డిగ్రీల వద్ద నాలుగున్నర పాయింట్లు. అంటే లోపల నీరు నిలిచి ఉన్న టైరు, పొడి టైరు కంటే దాదాపు నాలుగు పాయింట్లు ఎక్కువ పెరుగుతుంది. వెనుక టైరులో అంత ఆవిరి నిండడానికి చిన్న చెంచాడు నీరు చాలు. ఇటువంటి టైరుతో నేను చెప్పిన పెరుగుదల లెక్క కూడా తప్పుతుంది, ఎందుకంటే 10 పాయింట్లు పెరిగితే గాలి తక్కువైందని అనుకుంటాం, అసలు కారణం నీరు. నైట్రోజన్ పొడిగా వస్తుంది కనుక ఆ మేరకు దానితో లాభం. కాని ముందున్న తడి గాలిని పూర్తిగా తీసి నింపకపోతే ఆ లాభమూ ఉండదు. అది నింపించినా పీడనం పెరగడం ఆగదు, కొలవడమూ తప్పదు.

తిరుచానూరు

అంత దూరం వెళ్లి ఒక్కో సెషన్‌ను ఈ కొలతలకు వృథా చేయడం ఎందుకు? మనకు దగ్గరలోనే తిరుమల ఘాట్ ఉంది, కావలసినన్ని మలుపులు. ముందుగా అక్కడ 36, 34, 32 పెట్టి చూసుకొని, ఏది బాగుంటే దానితో ట్రాక్‌కు వెళ్లవచ్చు కదా.

కరకంబాడి రోడ్డు, తిరుపతి

దయచేసి ఈ ఆలోచన ఎవరూ చేయవద్దు. అది స్వామి దర్శనానికి పిల్లాపాపలతో కుటుంబాలు వెళ్లే దారి. అక్కడ వాహనాలకు కనీస ప్రయాణ సమయాన్ని నిర్ణయించి, అంతకన్నా ముందుగా చేరినవారిని ప్రశ్నించేది ప్రాణాలు పోకూడదనే. చట్టం సంగతి అటుంచినా ఆ పరీక్ష పనికిరాదు. ఘాట్‌లో నడపదగిన వేగానికి టైరు ట్రాక్ వేడిలో సగానికి కూడా చేరదు. చల్లటి టైరుకు 32 మెత్తగా, హాయిగా అనిపిస్తుంది, ఆ నమ్మకంతో ట్రాక్ ఎక్కితే అక్కడ అది వేరే టైరుగా మారిపోతుంది. సెషన్ వృథా అవుతుందన్న మాట కూడా సరికాదు. మొదటి సెషన్‌లో ఎలాగూ దారి నేర్చుకోవడమే పని, కొలతకు కావలసింది ఆ తరువాత ఒక్క నిమిషం.

సత్యవేడు గారి వివరణ తరువాత నా అభిప్రాయంలో కొంత భాగాన్ని సవరించుకుంటున్నాను. 42 వద్దే ఉంచాలని పట్టుబట్టను. బరువు లెక్క ప్రకారం ముందు టైరు విషయంలో మాత్రం తొందరపడి దించడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. వెనుక టైరు జారితే బండి ముందుగా హెచ్చరిస్తుంది, చాలాసార్లు సర్దుకుంటుంది. ముందు టైరు పట్టు వదిలి మడత పడితే సర్దుకోవడానికి వ్యవధి ఉండదు.

గిరింపేట, చిత్తూరు

ముందు టైరు గురించి గురువుగారి భయం నాకు అర్థమైంది, కాని నా అనుభవం దానికి భిన్నంగా ఉంది. ముందు చక్రం చెప్పాపెట్టకుండా జారిన సందర్భాల్లో ఎక్కువ భాగం గాలి ఎక్కువై, టైరు వేడెక్కక, మొదటి రెండు ల్యాపుల్లోనే జరిగినవి. మన ట్రాక్ డేల్లో టైరుకు దుప్పటి చుట్టి ముందే వేడి చేసే వార్మర్లు తెచ్చేవారు తక్కువ. చల్లటి టైరుతోనే దిగుతాం. 36 పెట్టిన ముందు టైరు వేడెక్కడానికి, 33 పెట్టిన దానికన్నా ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి ముందు 34, వెనుక 33తో మొదలుపెట్టడం మేలని నా మాట. నా 31, 30 అంకెలు నా బండి బరువుకు చెందినవే, హయబుసాకు అవే పెట్టమని ఇక చెప్పను.

సత్యవేడు

34తో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు, కాని దానికి మీరిచ్చిన కారణాన్ని ఒప్పుకోలేను. చల్లటి టైరుకు విరుగుడు మొదటి రెండు ల్యాపులు నిదానంగా, వాల్చడం కొద్దికొద్దిగా పెంచుతూ నడపడం. గాలి తగ్గించడం కాదు. గాలితో ఆ రెండు ల్యాపులను కొనుక్కుంటే, మిగిలిన ల్యాపులన్నింటిలోనూ దాని వెల కట్టాలి. బరువైన బండి మీద ఆ వెల ఎక్కువ. ముందు టైరు విషయంలో గురువుగారి జాగ్రత్తే నాకు ఎక్కువ నచ్చింది. దించవలసి వస్తే మొదట వెనుక టైరులోనే గాలి దించుతాను.

స్లిక్ టైర్లు వేసుకున్నవారికి ఈ అంకెలు ఏవీ వర్తించవని కూడా ఇక్కడే చెబుతున్నాను. కొన్ని స్లిక్ టైర్లకు వెనుక వేడి పీడనమే 25 లోపు ఉంటుంది. ఆ పట్టిక చూసి రోడ్డు టైరుకు ఆ గాలి పెట్టినవారిని పిట్‌లో ఆపి మరీ చెప్పవలసి వచ్చింది.

అలిపిరి రోడ్డు, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. టైరు కంపెనీ పట్టిక కోసం డీలరును అడిగాను, ఇంకా సమాధానం రాలేదు. అది వస్తే దాన్నే పాటిస్తాను, రాకపోతే రెండింటిలోనూ 36తో మొదలుపెడతాను. ఒక చిన్న సందేహం: తిరుపతి నుంచి నూరు కిలోమీటర్లకు పైగా నడిపి చేరుకొనేసరికి టైర్లు వేడిగా ఉంటాయి కదా, చల్లటి 36 అని అక్కడ ఎలా తెలుసుకోవాలి?

సత్యవేడు

రాత్రే చేరుకొని శ్రీపెరుంబుదూరులో బస చేయగలిగితే అన్నిటికన్నా మంచిది. తెల్లవారుజామున, ఎండ తగలకముందు కొలిస్తే అదే చల్లటి అంకె. ఉదయమే బయలుదేరి వెళ్తే 42తోనే దారంతా నడపండి. చేరాక బండిని నీడలో, రెండు పక్కలా ఎండ తగలని చోట, కనీసం గంటన్నర నిలిపి అప్పుడు 36కి దించండి. ఒక పక్క ఎండలో ఉన్న టైరును కొలిచి చల్లటి అంకె అనుకోవద్దు. గేజి మీ సొంతదే తీసుకెళ్లండి. రెండు గేజిలు రెండు పాయింట్ల తేడా చూపడం మామూలే, కాబట్టి రోజంతా ఒకే గేజితో కొలవండి. పీల్చుకొనే శ్వాస మీద ధ్యాస ఉన్నట్లే ఆ రోజంతా టైరు మీద ధ్యాస ఉండాలి. ప్రతి సెషన్ తరువాత గంట, ఎండ, చల్లటి అంకె, వేడి అంకె ఒక కాగితం మీద రాసుకోండి.

చేతి పంపో, బ్యాటరీతో నడిచే చిన్న గాలి మిషనో తప్పకుండా వెంట ఉండాలి. సాయంత్రం టైర్లు చల్లారాక రెండింటినీ తిరిగి 42కి తెచ్చి, ట్రెడ్ (టైరు నేలను తాకే భాగం) అంచుల్లో చిరుగులు, పక్క గోడల్లో ఉబ్బులు లేవని చూసుకొని, ఆ తరువాతే తిరుత్తణి దారి పట్టండి. చీకటి పడ్డాక నగరి దాటే వరకు లారీల రద్దీ ఉంటుంది. ట్రాక్ కోసం దించిన గాలితో ఆ రోడ్డు మీదికి రావద్దు.